వద్దనుకున్న కార్ల మీద మనసు పడినప్పుడు

రెండు రోజులకని మిత్రుడి దగ్గర తెచ్చుకున్న కారు అది. మర్నాడు పొద్దున్నే తిరిగి ఇచ్చెయ్యాలి. రాత్రి పదకొండు దాటాక, పనేమీ లేకుండా, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తాళం తీసుకుని బయల్దేరాను. నలభై నిమిషాలు తిరిగాను. ఒకే కూడలి దగ్గర మూడుసార్లు కావాలని మలుపు తీసుకున్నాను. వెనక్కి వచ్చి కారు ఆపాక కూడా దిగబుద్ధి కాలేదు.

ఇలా ఊరికే రాత్రిపూట తిరగడం నాకు అలవాటే. కానీ ఇన్నేళ్లూ ఆ తిరుగుడంతా నా పాత మాజ్దా ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారులోనే. అది సర్వీసుకు వెళ్లడం వల్ల ఈసారి చేతికొచ్చింది బీఎండబ్ల్యూ ఐ3. ఎత్తుగా, పొట్టిగా, గేర్లు లేకుండా, చప్పుడు లేకుండా పోయే కరెంటు కారు. ఇలాంటి కారుని నేను జీవితంలో కోరుకోనని కనీసం పదిమందితో అని ఉంటాను.

పొద్దున తాళం ఇచ్చేటప్పుడు "బాగుందిరా" అని ఊరుకున్నాను. రాత్రి సంగతి వారం దాకా చెప్పలేదు. నాకు నచ్చిన కారు గురించి నేను మాట్లాడకుండా ఉండటం అదే మొదటిసారి. ఎందుకు దాచాను అన్న ప్రశ్న దగ్గరే ఈ వ్యాసం మొదలైంది.

నా ఇష్టం ఏమిటో ముందు చెప్పేస్తాను. తేలికగా ఉండాలి, నేలకి దగ్గరగా ఉండాలి, పెట్రోలు ఇంజను, చేత్తో వేసే గేర్లు, వెనక చక్రాలకి శక్తి, రెండు సీట్లు చాలు. 1989లో వచ్చిన మొదటి ఎంఎక్స్-5 బరువు సుమారు 950 కిలోలు. 1996 నాటి లోటస్ ఎలీజ్ ఇంకా తేలిక, 725 కిలోల దాకా, అల్యూమినియం చట్రాన్ని వెల్డింగు లేకుండా జిగురుతో అతికించారు. ఈ అంకెలు నాకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ అంకెలు నాకు పద్నాలుగో ఏటికే వచ్చు. స్టీరింగు పట్టుకున్నది మాత్రం ఇరవై దాటాక. అంటే నా ఇష్టం నా చేతుల్లోంచి, నడుములోంచి, చెవుల్లోంచి పుట్టింది కాదు. పత్రికల్లోంచి, నాకన్నా పెద్ద కుర్రాళ్ల కబుర్లలోంచి వచ్చింది. తర్వాత ఆ కార్లు నడిపితే నిజంగానే బాగున్నాయి. ఆ ఆనందం అబద్ధమని నేను అనను. కానీ బాగుంటాయని ముందే తెలిసి నడిపాను. ఐ3 విషయంలో నాకు ముందే తెలిసినదల్లా అది నాకు నచ్చదని.

కాబట్టి నేను చెప్పదలుచుకున్నది ఇది: మనం నలుగురిలో చెప్పుకునే అభిరుచి కంటే, మనకి చెప్పకుండా వచ్చి పడే ఈ వింత మోజు ఎక్కువ నమ్మదగ్గ సాక్షి. అభిరుచిని మనకి చాలామంది నేర్పారు. మోజుని ఎవరూ నేర్పలేదు, పైగా వద్దని చెప్పారు. చాలామంది కారు ప్రియులు దీన్ని తిరగేసి చూస్తారు. మోజుని సరదాగా ఒప్పుకునే చిన్న తప్పులా, కాసేపు కాలు జారడంలా చెప్పుకుంటారు. కాలు జారలేదనే నా వాదన. ఆ వాదన ఎంత దూరం నిలబడుతుందో నాకూ చూసుకోవాలని ఉంది.

గోగునార తలుపులు

ఐ3 ఎక్కేటప్పుడు మొదట కంటపడేది తలుపు అంచు. పెయింటు వెయ్యని కార్బన్ ఫైబరు నేత పొరలు పొరలుగా అలాగే కనిపిస్తుంది. ప్రయాణికులు కూర్చునే డొప్పంతా కార్బన్ ఫైబరు, దాని కింద అల్యూమినియం చట్రం, అందులో బ్యాటరీ. 2013లో మామూలు కార్ల ఫ్యాక్టరీలో ఇలాంటి కట్టుబడి ఎవరూ ఊహించని సంగతి. అందుకే బ్యాటరీ మోస్తూ కూడా మొదటి ఐ3 బరువు 1200 కిలోల దగ్గర ఆగింది. అదే కాలపు నిస్సాన్ లీఫ్ 1500 కిలోలు ఉండేది.

తలుపు లోపలి పలక మీద గరుకుగా, పీచు పీచుగా ఏదో ఉంది. ప్లాస్టిక్ మీద వేసిన డిజైను అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది కెనాఫ్ నార అని. కెనాఫ్ అంటే మన గోగు. తాళ్లు పేనే గోగునారని అంత ఆధునికమైన కారులో, రంగు వెయ్యకుండా, దాచకుండా, అరచేతికి తగిలేలా పెట్టారు. దాని మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉండిపోయాను. నా ఎంఎక్స్-5 లాంటి, పైకప్పు తీసే రెండు సీట్ల రోడ్‌స్టర్లలో నేను లెక్కపెట్టేవాటిలో తలుపు లోపలి పలక ఎప్పుడూ లేదు.

చక్రాలు 19 అంగుళాలవి, వాటి మీది టైర్ల వెడల్పు 155 మిల్లీమీటర్లు మాత్రమే. వెడల్పాటి టైరు అంటేనే పట్టు అని నేర్చుకున్న కంటికి అవి సైకిలు చక్రాల్లా ఉంటాయి. గాలికి ఎదురయ్యే వెడల్పు తగ్గించి, నేలని తాకే ముద్రని పొడవుగా సాగదియ్యడం అక్కడి ఆలోచన. మోటారు వెనక, శక్తి వెనక చక్రాలకి, ముందు చక్రాలకి తిరగడం తప్ప వేరే పని లేదు. అందుకే అవి అంతలా తిరుగుతాయి. తిరుగు వలయం 10 మీటర్లు కూడా లేదు. ఆ రాత్రి కూడలి దగ్గర మూడుసార్లు నేను చూసుకున్నది అదే. యాక్సిలరేటర్ పెడల్ మీంచి కాలు తీస్తే చాలు, బ్రేకు ముట్టకుండానే గీత దగ్గర ఆగుతుంది. ఎంత తీస్తే ఎంత ఆగుతుందో రెండో రోజుకి పాదానికి తెలిసిపోయింది. గేరు మార్చడంలో నాకు ఇష్టమైన ఆ చిన్న నేర్పు ఇక్కడ కాలి కిందికి దిగింది.

వారం తర్వాత మిత్రుడికి చెప్పాను. అతను ఆశ్చర్యపోలేదు. "ఇందులో వింతేముందిరా? వెనక చక్రాలు నడిపే కారు, దాని జాతిలో తేలిక, పొట్టి. నీ పాత ఇష్టమే వేషం మార్చుకుని వచ్చింది" అన్నాడు. ఆ మాట నాకు హాయిగా అనిపించింది. నేను మారలేదు, నా అభిరుచి తప్పు కాదు, కాస్త విశాలమైంది అంతే. చాలా రోజులు దాన్నే నమ్మాను. ఎవరికైనా ఇలాంటి మోజు పుడితే ముందు దొరికే వివరణ ఇదే అనుకుంటాను. దాన్ని పాత లెక్కలోకి సర్దేస్తే మనసు కుదుటపడుతుంది.

బాబాయి బండిలో అది కుదరలేదు.

పసుపు దీపం

బాబాయి దగ్గర మెర్సిడెస్ 240డీ ఉంది. కారు మనుషులు డబ్ల్యూ123 అనే తరం. 1976లో వచ్చి దాదాపు పదేళ్లు నడిచింది, అన్ని రకాలూ కలిపి సుమారు 27 లక్షలు తయారయ్యాయి. నాలుగు సిలిండర్ల డీజిలు, 2.4 లీటర్లు. ఆ ఇంజను శక్తి మొదట్లో 65 గుర్రాలు, తర్వాత 72. వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 20 సెకన్ల పైనే తీసుకుంటుంది. ఇరవై ఏళ్లుగా ఆ కారు పక్కన నుంచి నడిచి వెళ్లానే గానీ ఒక్కసారి కూడా నడుపుతానని అడగలేదు. బాబాయీ ఎప్పుడూ నడుపుతావా అనలేదు. నాకేది ఇష్టమో ఆయనకి తెలుసు కదా.

ఒకసారి ఆయనకి భుజం నొప్పి వచ్చి, మూడు వందల కిలోమీటర్ల ప్రయాణం నేనే నడపాల్సి వచ్చింది. కూర్చుని తాళం తిప్పబోతుంటే "ఆగరా" అన్నారు. డ్యాష్‌బోర్డులో పసుపు దీపం వెలిగింది. సిలిండర్లు వేడెక్కి ఆ దీపం ఆరేదాకా ఆగి, అప్పుడు స్టార్ట్ చెయ్యాలి. కొద్ది సెకన్లే. కానీ కారు నన్ను ఆగమని అడగడం, నేను ఆగడం, అది నాకు పూర్తిగా కొత్త. నా కారుని నేను ఎప్పుడూ ఉరకమనే అడిగాను.

రోడ్డెక్కాక మొదటి గంట విసుగ్గానే గడిచింది. అందరూ దాటుకుని పోతున్నారు. స్టీరింగు నడిమధ్యలో వదులుగా ఉంది, చిన్నగా తిప్పితే వెంటనే పలకదు. ఎత్తు వస్తే వేగం పడిపోతోంది. రెండో గంటలో నా చూపు మారింది. ఎత్తు రాకముందే, అర కిలోమీటరు ముందు నుంచే ఊపు కూడగట్టుకోవడం మొదలుపెట్టాను. లారీని దాటాలంటే దాని ముందున్న రోడ్డు, దాని అవతలి వంపు, ఎదురుగా వచ్చేవాడి తొందర అన్నీ చూసుకోవాల్సి వచ్చింది. మా కారు ఎంత చెయ్యగలదో అంతా చేస్తోంది, ఒక్క గుర్రం కూడా మిగల్చకుండా. ఇది నాకు తెలిసిన ఆనందమే. ఉన్న శక్తినంతా వాడుకుంటూ నడపడమే కదా ఎంఎక్స్-5లో నేను వెతుక్కునేది! మిత్రుడి వేషం మాట మళ్లీ గుర్తొచ్చింది. ఇదీ పాత ఇష్టమేనా?

అవును అని రాసేసి ఉండేవాణ్ణి. కానీ నా మనసు పడింది ఆ ఎత్తుల దగ్గర కాదు. చేరాక, ఇంజను ఆపి, దిగి, డ్రైవరు తలుపుకి తాళం వేశాను. నాలుగు తలుపుల తాళాలకీ ఆ కారులో కరెంటు మోటార్లు లేవు. ఇంజను నడిచేటప్పుడు పీల్చిపెట్టుకున్న శూన్యంతో సన్నటి గొట్టాల ద్వారా పనిచేస్తాయి. నేను తాళం తిప్పగానే ఒక మెల్లని నిట్టూర్పు వినిపించింది. మిగతా తలుపుల పిన్నులు ఒక్కసారిగా కాదు, ఒకదాని తర్వాత ఒకటి, నెమ్మదిగా కిందికి దిగాయి. అంతే. అక్కడ నిలబడిపోయాను. తెరిచి మళ్లీ వేశాను. బాబాయి ఏమీ అనలేదు, నవ్వారు. ఆయన ఇరవై ఏళ్లుగా వింటున్నది అప్పుడే నాకు వినబడిందని అర్థమైనట్టుంది.

ఆ నిట్టూర్పుకి బరువుతో సంబంధం లేదు, స్టీరింగుతో సంబంధం లేదు, వెనక చక్రాలతో అసలే లేదు. నా పాత ఇష్టంలో దాన్ని పెట్టడానికి గది లేదు. నలభై ఏళ్ల కిందట ఎవరో చేసిన పని, ఇప్పటికీ అలా నింపాదిగా జరుగుతుంటే, దాన్ని చూడటం నాకు ఎంతో బాగుంది. ఇంతకన్నా వివరించలేను. వివరించి దాన్ని తేలిక కార్ల లెక్కలో కలిపితే అబద్ధం చెప్పినట్టవుతుంది.

మరి ఇది కూడా అరువు మోజేనేమో

ఇక్కడ నాకే ఒక అనుమానం. ఎవరూ ఇష్టపడని కారుని ఇష్టపడటం ఈమధ్య ఒక హోదా అయింది. స్పోర్ట్స్ కారు ఇష్టమంటే అందరిలో ఒకడు. పాత డీజిలు సెడాన్ ఇష్టమంటే లోతైనవాడు. అలా అయితే మోజు మాత్రం అరువు కాదని ఎలా చెప్పగలను? నా వాదనకి ఇదే పెద్ద దెబ్బ. దీన్ని తేలిగ్గా దాటెయ్యలేను.

ఫియట్ మల్టీప్లా విషయంలో ఈ అనుమానం నన్ను నిజంగానే ఇబ్బంది పెట్టింది. 1998లో వచ్చినప్పటి నుంచీ లోకంలో అందవికారమైన కార్ల జాబితా ఏది వేసినా అందులో దాని పేరు ఉంటుంది. ముందు అద్దం అడుగున నడుము మడతలా ఒక ఉబ్బు, ఆ ఉబ్బులో రెండు దీపాలు. నేనూ అందరిలాగే వెక్కిరించాను. తర్వాత కొన్నేళ్లకి దాన్ని మెచ్చుకునే రాతలు చదివాను. 1999లో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం తన కార్ల ప్రదర్శనలో దాన్ని పెట్టిందని తెలిసింది. అప్పటి నుంచి నాకూ నచ్చిందని చెప్పడం మొదలుపెట్టాను. నిజాయితీగా చూస్తే అది మోజు కాదు. ఒక అభిప్రాయం వదిలి ఇంకో అభిప్రాయం తొడుక్కోవడం. అప్పటిదాకా ఆ కారులో నేను కూర్చోనే లేదు.

కూర్చున్నది తర్వాత. ఒక పరిచయస్థుల కుటుంబంతో కలిసి వెళ్తూ, ముందు వరసలో మధ్య సీటు నాకు వచ్చింది. మల్టీప్లా పొడవు 4 మీటర్లకి ఒక పిసరు తక్కువ. అందులోనే ఆరు సీట్లు, ముందు మూడు, వెనక మూడు, మూడూ సమానమైనవి. దానికోసమే కారుని 1.87 మీటర్ల వెడల్పు చేశారు. నా ఎడమ పక్క కారు నడుపుతూ ఆ ఇంటాయన, కుడి పక్క వాళ్ల పదేళ్ల పాప. మామూలు కారులో పాప వెనక సీటులోంచి మెడ చాచి, తల్లిదండ్రుల సీట్ల మధ్య సందులోంచి మాట్లాడుతుంది, సగం మాటలు వినబడవు. ఇక్కడ ముగ్గురం ఒకే రోడ్డుని చూస్తూ, గట్టు మీద కూర్చున్నట్టు పక్కపక్కనే కూర్చుని మాట్లాడుకున్నాం. ఆ పాప నాకు గంటసేపు మేఘాల గురించి చెప్పింది. దిగేటప్పటికి ఆ కారంటే నాకు నిజమైన ప్రేమ ఉంది.

తేడా ఇక్కడ పట్టుకున్నాను. నేను చదివిన మెచ్చుకోళ్లన్నీ దాని రూపం గురించి, ధైర్యం గురించి. ఆ పక్కపక్క కూర్చోవడం గురించి చదివి ఉంటే గుర్తుండేది కదా. నాకు నచ్చింది నాకు ఎవరూ చూపించనిది. అరువు ఏదో, సొంతం ఏదో విడదీసే కొలత నాకు ఇంతకన్నా మంచిది దొరకలేదు: నచ్చిన విషయాన్ని నచ్చకముందు ఎక్కడైనా విన్నానా? విని ఉంటే అనుమానించాలి. ఈ కొలతతో చూస్తే నా ఎంఎక్స్-5 కూడా పూర్తిగా గట్టెక్కదు. అందులో నాకు నచ్చేవాటిలో చాలావరకు ముందే చదివినవి. వానలో పైకప్పు గుడ్డ మీద చినుకుల చప్పుడు మాత్రం నా సొంతం.

2004లో మల్టీప్లా ముఖం మార్చారు. ఆ ఉబ్బు తీసేసి, మామూలు బానెట్, మామూలు దీపాలు పెట్టారు. సీట్లు ఆరూ అలాగే ఉన్నాయి. లెక్కప్రకారం నాకు ఏ బాధా ఉండకూడదు, నేను ప్రేమించింది లోపలినే కాబట్టి. అయినా ఆ కొత్త ముఖం చూస్తే ఎవరినో బలవంతంగా తల దువ్వి ఫొటోకి నిలబెట్టినట్టుంటుంది నాకు.

ఇంకో ఆక్షేపణ బాబాయే చేశారు. "రెండు రోజుల కారుకీ పదేళ్ల కారుకీ పోలికేంటిరా?" అని. న్యాయమైన మాట. ఐ3తో నాది రెండు రోజులు. మొదటి రకం బ్యాటరీతో ఒక ఛార్జికి 150 కిలోమీటర్లు రావడమే కష్టమని, చలికాలంలో ఇంకా తగ్గుతుందని దాని సొంతదారుకి తెలుసు, నాకు తెలీదు. ముందు తలుపు తియ్యకుండా వెనక తలుపు తెరుచుకోదు, రోజూ పిల్లల్ని ఎక్కించేవాళ్లకి అదెంత విసుగో నాకు తెలీదు. మోజుకి లోపాలు కనబడవు అంటే నేను కాదనను. అందుకే మోజు పుట్టిన కారుని కొనమని ఎవరికీ చెప్పను. ఏది కొనాలో తేల్చడానికి పదేళ్ల అనుభవం కావాలి, పాత అభిరుచి అక్కడ బాగానే పనికొస్తుంది. నేను సాక్షి అంటున్నది వేరే విషయానికి. కార్లలో ఏమేం బాగుండగలవో, అందులో ఎన్నిటికి నేను తలుపు మూసి కూర్చున్నానో చెప్పడానికి. ఆ మాట చెప్పడానికి రెండు రోజులు చాలు, ఒక్కోసారి ఒక తాళం చప్పుడు చాలు.

వయసు మీదపడుతోంది, అందుకే మెత్తటి కార్లు నచ్చుతున్నాయి అన్నవాళ్లూ ఉన్నారు. మల్టీప్లాలో నా మోకాళ్లు గేరు కర్రకి తగులుతూనే ఉన్నాయి. దాని గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

ఏ లెక్కకీ రాని కారు

నాలుగోది టొయోటా సెంచురీ, 1997లో వచ్చిన రెండో తరం. 5 లీటర్ల ఇంజను, 12 సిలిండర్లు. ఇరవై నిమిషాలు వెనక సీట్లో కూర్చున్నాను, అంతే. సీట్లకి తోలు కాదు, ఉన్ని బట్ట. తోలు కదిలితే చప్పుడు చేస్తుంది, ఉన్ని చెయ్యదు. ముందు పక్క సీటు వీపులో ఒక భాగం తెరుచుకుంటుంది, వెనక కూర్చున్నవాళ్లు అందులోంచి కాళ్లు చాపుకోవచ్చు. నడపడం అనేది ఇక్కడ ఇంకొకరి పని. డ్రైవరు సీటే కారుకి గుండె అని నమ్మే నాకు ఇంతకన్నా దూరపు కారు ఉండదు.

అయినా ఆ ఇరవై నిమిషాలు ఒక్క మాట మాట్లాడలేదు. కిటికీ అవతల అంతా కదులుతోంది, లోపల ఏదీ కదలడం లేదు. మోచెయ్యి కింద ఉన్ని వెచ్చగా ఉంది. దిగాక ఎందుకు నచ్చిందో రాసుకుందామని పుస్తకం తెరిస్తే ఒక్క మాట కూడా రాలేదు. కార్ల గురించి నాకు తెలిసిన మాటలన్నీ మలుపులోంచి పుట్టినవే: పట్టు, బరువు మారడం, స్టీరింగు చెప్పే కబురు, గేరు పడే తీరు. కదలకుండా కూర్చోవడం గురించి నా దగ్గర మాటలు లేవు. మాటలు లేనంత మాత్రాన ఇష్టం లేదని ఇన్నాళ్లూ అనుకున్నానేమో! మిగతా మూడు కార్ల గురించి ఇంత రాశాను గానీ, సెంచురీ గురించి ఇప్పటికీ అంతే రాయగలను.

ఈ నాలుగింటి తర్వాత ఒక పని మొదలుపెట్టాను. నాకు ఎప్పటికీ నచ్చవు అనుకునే కార్ల పేర్లు రాసి మిత్రుడికి ఇచ్చాను. వాటిలో దొరికినవాటిలో నన్ను ఎక్కించమన్నాను. ఇప్పటికి రెండయ్యాయి. రెండున్నర టన్నుల ఎస్‌యూవీ ఒకటి, పెద్ద పికప్ ఒకటి. రెండూ సగం రోజు చొప్పున నడిపాను. ఏమీ జరగలేదు. మనసు విప్పుకుని వెళ్తే అన్నీ నచ్చుతాయని కాదు, మోజు అడిగితే వచ్చేది కాదు. అవి నాకు ఇప్పటికీ నచ్చవు, కాకపోతే ఇప్పుడు ఆ మాట నడిపి చెబుతున్నాను.

మూడోది వచ్చే శనివారం. జపాను కే తరగతి, అంటే అక్కడి అతి చిన్న బండ్ల తరగతి వ్యాను, 660 సీసీ ఇంజను, పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు, ఆ తరగతి నిబంధనలు అంతకు మించనివ్వవు. సరుకు వెయ్యడానికి చేసిన పెట్టె. ఇంజను ముందు సీట్ల కింద ఉంటుందట. దాని గురించి ఎక్కడా ఏమీ చదవకుండా ఆపుకుంటున్నాను. మిత్రుడు ఫొటోలు పంపితే తెరవలేదు.